నల్లరేగడిలో బండిజాడ: కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమలో కుటుంబ ప్రయాణాల చరిత్ర

తమిళనాడు దక్షిణ భాగంలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, ఎట్టయపురం పట్టణాల చుట్టూ పరచుకున్న మెట్టభూమిని అక్కడివారు కరిసల్ కాడు అంటారు. కరిసల్ అంటే నల్లమట్టి. కాడు అన్న మాట ఈ సందర్భంలో అడవిని కాక వానమీద ఆధారపడిన సాగునేలను సూచిస్తుంది కాబట్టి తెలుగువారి నల్లరేగడి చేను అన్న మాట దానికి సరిగ్గా సరిపోతుంది. ఈ నేలమీద ఒక ఇంటివారంతా ఒకే వాహనం ఎక్కి, బంధువర్గమంతా కొన్ని వాహనాల వరుసగా కూడి, రహదారిని వదిలి చేలకు అడ్డంగా, ఏటి ఇసుకలోకి దిగి, ఊరికి దూరంగా ఉన్న కులదేవత గుడికో అమ్మవారి జాతరకో వెళ్లే ఆచారం ఇంజను పుట్టుక కంటే ఎంతో పాతది. ఆ వాహనం మొదట జోడెడ్ల బండి, ఆ తరువాత ట్రాక్టరు తొట్టి, వ్యాను, ఇప్పుడు పికప్. ముందు డ్రైవరు గది, వెనుక పైకప్పు లేని సరుకుల తొట్టి ఉండే వాహనాన్ని పికప్ అంటారు. అమెరికాలో రెండు మీటర్ల వెడల్పుతో తయారయ్యే పెద్ద పికప్‌లలో కుటుంబాలు గుంపుగా కొండలకు, ఎడారులకు, బురదనేలలకు వినోదం కోసం వెళతాయి. దారి లేనిచోట చేసే ఆ ప్రయాణానికి ఆఫ్‌రోడింగ్ అని పేరు. కరిసల్ సీమలో అదే పని వినోదంగా మొదలుకాలేదు. అక్కడ దారి లేకపోవడం నేల స్వభావం, కలిసి వెళ్లడం బంధుత్వపు అవసరం; ఈ రెండూ కలిసిన చోట పుట్టిన ఒక క్రమశిక్షణ బండిని దాటి మోటారు వాహనంలోకి కూడా ప్రవేశించింది. ఆ ప్రయాణాల్లో పాల్గొన్నవారిలో పెద్ద భాగం తెలుగు మాట్లాడే కుటుంబాలు కావడం వల్ల, ఈ చరిత్ర తెలుగు భాషకు కూడా చెందిన చరిత్ర అవుతుంది.

నేల, దాని పంచాంగం

నల్లరేగడి మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువగా ఉంటుంది. పలుచని పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఈ ఖనిజం ఆ పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, నీరు ఆవిరైపోగానే కుంచించుకుపోతుంది. అందువల్ల వేసవిలో రేగడి నేల చెయ్యి దూరేంత వెడల్పున నెరియలు తీసి, పైపొర రాయిలా గట్టిపడుతుంది. వాన పడిన కొద్ది గంటలకే అదే నేల జిగురుగా మారి, కాలికి అంటుకున్న మట్టి అడుగడుగునా బరువెక్కుతూ పోతుంది. బండి చక్రం విషయంలోనూ జరిగేది ఇదే. ఎర్రనేలలో వాననీరు ఇంకిపోయి దారి త్వరగా తేరుకుంటుంది గాని, రేగడిలో చక్రం చుట్టూ మట్టి పేరుకుపోయి, చక్రానికి పుల్లల్లా ఉండే ఆకుల సందులు మూసుకుపోయి, చివరికి చక్రం తిరగడం మాని జారడం మొదలుపెడుతుంది.

ఈ ప్రాంతపు వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనం వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. తమిళ మాసాల లెక్కలో ఐప్పసి, కార్తిగై నెలలు విత్తనం మొలకెత్తి ఎదిగే కాలం, బండికి మాత్రం అవి ఇల్లు కదలరాని రోజులు. తై మాసం, అంటే జనవరి మధ్య భాగం వచ్చేసరికి నేల ఆరడం మొదలవుతుంది. మాసి, పంగుని మాసాల్లో, అంటే ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు, జొన్న, సజ్జ, మినుము కోతలు ముగిసి, పత్తి ఏరుతుండగా, కోసిన చేలమీదుగా బండి ఎటు కావాలంటే అటు పోగలుగుతుంది. మళ్లీ ఆడి మాసం, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, విత్తనాలకు ముందు నేల ఖాళీగా, గట్టిగా ఉంటుంది. కరిసల్ సీమలో కుటుంబాలు కలిసి కదిలే పెద్ద పండుగలను ఈ లెక్కతో పోల్చి చూస్తే ఒక పొందిక కనిపిస్తుంది. మహాశివరాత్రి, పంగుని ఉత్తరం కులదేవతల కొలుపులకు ముఖ్యమైన రోజులు. ఇరుక్కన్‌కుడి మారియమ్మ జాతరకు ఆడి మాసపు చివరి శుక్రవారం ప్రసిద్ధం. ఈ పండుగలకు పురాణాలు, నక్షత్రాలు చెప్పే కారణాలు వేరుగా ఉన్నా, బండి కదలగలిగిన రెండు కాలాల్లోనే బంధువర్గమంతా కలిసే సందర్భాలు స్థిరపడ్డాయన్నది గమనించదగిన విషయం. ఆచారానికి ముహూర్తం పెట్టినవారిలో నేల కూడా ఒకటి.

వలసదారి

విజయనగర, నాయక రాజ్యాల కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి అనేక కులాలవారు విడతలు విడతలుగా తరలివెళ్లారు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధుర నాయక రాజ్యానికి పునాది వేశాక, రాజ్యాన్ని 72 పాళెయాలుగా విభజించి పాళెగాండ్ల కింద ఉంచిన ఏర్పాటులో అనేక పాళెయాలు తెలుగు నాయకులకు దక్కాయి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాండ్లు కంబళత్తు నాయకర్లని పిలిచే తెలుగు సముదాయానికి చెందినవారు. వీరితోపాటు కమ్మవారు, రెడ్డియార్లు మెట్టసాగుకు అలవాటుపడిన రైతులుగా ఈ రేగడిలో స్థిరపడ్డారు. తోలుపనిలో నిపుణులైన అరుందతియార్లలోనూ అనేకులు ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. బావి నుంచి నీరు తోడే తోలుబానలు, ఎద్దు మెడను కాడికి కట్టే తోలుపట్టెడలు, చర్నాకోలలు వంటి వస్తువులు ఆ చేతుల నుంచే వచ్చాయి కాబట్టి, వారి శ్రమను విడిచి బండి చరిత్ర రాస్తే అది సగం చరిత్రే అవుతుంది. 2011 జనగణన తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు జనాభాలో 5.87 శాతమని లెక్కించింది. కరిసల్ సీమలో ఈ తెలుగు చాలా ఇళ్లలో నోటిమాటగానే నిలిచింది, రాతకు, చదువుకు తమిళమే ఆధారమైంది.

ఈ వలస జ్ఞాపకానికి సాహిత్యరూపం ఇచ్చినవారు కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామానికి చెందిన తమిళ రచయిత కి. రాజనారాయణన్. తెలుగు మాట్లాడే కమ్మవారి కుటుంబంలో పుట్టి, తమిళంలో కరిసల్ సాహిత్యమనే ఒక ధోరణికి ఆద్యుడైన ఆయన 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ నవల, పాలకుడి బారి నుంచి ఆడపిల్లను కాపాడుకోవడానికి ఊరు వదిలిన తెలుగు కుటుంబాలు ఏళ్లూ ఊళ్లూ దాటి వచ్చి, అడవిని కొట్టి, రేగడిని సాగుకు తెచ్చి ఒక గ్రామాన్ని నిలబెట్టిన కథను చెబుతుంది. దాని తరువాతి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. 2021లో మరణించిన ఆయన ఈ సీమ మాటలను, కథలను సేకరించారు. చరిత్రకారుడికి ‘గోపల్ల గ్రామం’ నవలలో ముఖ్యమైన సాక్ష్యం సంఘటనల వాస్తవికత కంటే జ్ఞాపకపు ఆకృతి. ఊరి పుట్టుకను చెప్పవలసి వచ్చినప్పుడు అందులో కథ చెప్పే ముసలవ్వ నోట మొదట వచ్చేది రాజు శాసనమో దేవుడి వరమో కాక, దారి లేని అడవిలో కుటుంబమంతా కలిసి నడిచిన ప్రయాణం. తమ వంశం ఒక ప్రయాణంతో మొదలైందని నమ్మేవారికి ఏటేటా కలిసి చేసే యాత్ర ఆ మొదటి ప్రయాణాన్ని మళ్లీ గుర్తుచేసుకోవడంగా అర్థమవడం సహజం.

పెద్ద దారులు లేవని దీని భావం కాదు. మధుర నాయక వంశంలో మనవడి తరఫున 1689 నుంచి సుమారు ఒకటిన్నర దశాబ్దం రాజ్యం నడిపిన రాణి మంగమ్మ బాటలు వేయించడానికి, బాటసారులకు సత్రాలు కట్టించడానికి పేరుపొందింది. దక్షిణ తమిళనాడులో మంగమ్మాళ్ సాలై అన్న పేరు ఆమెను నేటికీ గుర్తుచేస్తోంది. నేటి 44వ నంబరు జాతీయ రహదారి మధురై నుంచి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారుల మీదుగా దక్షిణానికి సాగుతుంది. అయితే ఈ ఒక్క పెద్ద దారికి రెండు పక్కలా ఉన్న వందల పల్లెల్లో జీవితమంతా డొంకదారుల మీద, చేనిగట్ల మీద, వాగుల్లో నడిచింది. రాజమార్గం సైన్యాలను, వర్తకాన్ని నడిపింది. చుట్టరికాన్ని నడిపినది డొంక.

బండి నిర్మాణం

కరిసల్ సీమ బండి రెండు పెద్ద చక్రాలు, వాటిని కలిపే ఇరుసు, ఇరుసుమీద నిలిచే చట్రం, చట్రం నుంచి ముందుకు సాగిన నొగ, నొగ చివర అడ్డంగా కట్టిన కాడితో కూడిన నిర్మాణం. చక్రం మధ్యభాగమైన కుండలోకి ఆకులు దిగుతాయి. ఆకుల పైకొసలను వంపు తిరిగిన కొయ్యముక్కలతో కలిపి వలయంగా చేస్తారు. ఆ వలయం చుట్టూ ఇనుపపట్టా ఎక్కిస్తారు. రేగడిలో బాగా పెరిగే నల్లతుమ్మ కొయ్య గట్టితనం వల్ల చక్రాలకు అనువైనది. పట్టా ఎక్కించే రోజున వడ్రంగి, కమ్మరి కలిసి పనిచేయాలి. చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా చిన్నదిగా చేసిన ఇనుపవలయాన్ని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన వలయాన్ని పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు కుమ్మరిస్తే ఇనుము కుంచించుకుని చక్రపు కీళ్లన్నింటినీ బిగించేస్తుంది. మేకుకంటే, జిగురుకంటే బలమైన ఈ బిగింపు వల్లనే గతుకుల్లో సంవత్సరాల తరబడి కొట్టుకున్నా చక్రం విడిపోదు.

మనిషి భుజందాకా వచ్చే ఎత్తైన చక్రం ఒక ఇంజనీరింగు ఎంపిక. చక్రం పెద్దదైన కొద్దీ గుంతలో పడే లోతు తగ్గుతుంది, అడ్డంకిని ఎక్కడానికి కావలసిన బలం తగ్గుతుంది, ఇరుసు నేలకు ఎత్తుగా ఉండి రాయికీ మొద్దుకూ తగలదు. నేటి పికప్‌ల గురించి చెప్పేటప్పుడు నేలకూ వాహనపు అడుగుభాగానికీ మధ్య ఎడంగా లెక్కించే గుణం ఇదే. ఇనుపపట్టా సన్నగా ఉండడం మాత్రం రెండంచుల కత్తి: గట్టినేలమీద అది తేలికగా దొర్లుతుంది, మెత్తని నేలలో బరువునంతా ఇరుకుచోట మోపి కోసుకుంటూ దిగిపోతుంది. మోటారు వాహనం నడిపేవారు ఇసుకలో టైరు గాలి కొంత తీసి, నేలను తాకే వెడల్పు పెంచుకుంటారు. ఆ సౌకర్యం లేని బండివాడు బరువును తగ్గించుకునేవాడు: పిల్లలు, ముసలివారు తప్ప మిగిలినవారంతా దిగి నడవడం, చక్రాల కింద కంప, గడ్డి, రాళ్లు వేయడం, వెనుక బండి ఎద్దులను విప్పి ముందు బండికి రెండో జతగా కట్టి లాగించడం, ఆ తరువాత అదే సాయం వెనుక బండికి తిరిగి చేయడం అతనికి తెలిసిన ఉపాయాలు. ఈ చివరి పద్ధతి వల్ల ఒంటరి బండికి దాటరాని వాగును రెండు బండ్లు కలిసి దాటగలుగుతాయి. గుంపుగా ప్రయాణించడానికి భయం, ప్రేమ ఎంత కారణాలో బురద కూడా అంత కారణం.

రెండు చక్రాల బండిలో తూకం మరొక విద్య. బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనక్కి పడితే నొగ పైకి లేచి మెడపట్టెడ గొంతుకు బిగుస్తుంది. మిట్ట ఎక్కేటప్పుడు కూర్చున్నవారు ముందుకు జరగాలి, పల్లం దిగేటప్పుడు వెనక్కి జరగాలి. చిన్నపిల్లలు కూడా బండి వంపును బట్టి జరగడం నేర్చుకునే ఈ అలవాటులో ప్రయాణికుడు ఊరికే మోయబడే బరువుగా ఉండడు, వాహనం నడకలో భాగస్వామి అవుతాడు. ఇరుసు అరగకుండా, కిర్రుమనకుండా ఆముదంలో గడ్డిబూడిద కలిపి పూసే కందెన, చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగగొట్టే కడచీల, ఎద్దుల గిట్టలు అరగకుండా కొట్టే నాడాలు ఇంటి యజమాని బయలుదేరేముందు చూసుకోవలసినవి. సుమతీ శతకకారుడు కందెన లేని ఇరుసును ఉపమానంగా వాడాడంటే తెలుగు సమాజంలో ఈ వస్తువు ఎంత పరిచితమో ఊహించవచ్చు.

బండ్లలోనూ తరగతులు ఉండేవి. పైకప్పు లేని బరువుబండిని తమిళులు మొట్టైవండి అన్నారు. వెదురుబద్దల వంపుమీద చాపకప్పిన గూడుబండి ఆడవారి ప్రయాణాలకు. ఇరుసుకూ పెట్టెకూ మధ్య ఇనుప స్ప్రింగులు అమర్చిన విల్లువండి సంపన్నుల సవారీకి. ఎద్దుల ఎంపికకు పశువుల సంతలే బడి. సంతను మాట్టుత్తావణి అంటారు. మధురైలో నేటి పెద్ద బస్టాండు పేరులో ఆ మాట నిలిచిపోయింది. కొంగునాటి కాంగేయం జాతి బరువు లాగడానికి, మధురై, శివగంగ, విరుదునగర్ ప్రాంతాల పుళికుళం జాతి చురుకుదనానికి పేరుపొందాయి.

పేట: బండ్ల వరుసకు కట్టిన కోట

18వ శతాబ్దపు చివరి వరకు ఈ దారుల్లో ప్రయాణం ప్రమాదకరం. బ్రిటిషువారితో పాళెగాండ్ల యుద్ధాలు, 1799 అక్టోబరులో కయత్తారులో పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన ఉరి, 1801లో పాంచాలంకురిచ్చి రెండో యుద్ధం ముగిసి పాళెయాలు జమీందారీలుగా మారాక వర్తకానికి కొత్త అవకాశాలు తెరుచుకున్నాయి. దక్షిణాన తాటితోపుల ప్రాంతం నుంచి నాడార్ వర్తకులు తాటిబెల్లం, ఉప్పు, ఎండుచేపలు వంటి సరుకులను బండ్లమీద ఉత్తరానికి తెచ్చి, విరుదుపట్టి, శివకాశి, సాత్తూరు, అరుప్పుక్కోట్టై, పాలయంపట్టి, తిరుమంగలం పట్టణాల్లో స్థిరపడ్డారు. వీరు కట్టుకున్న పేట్టై, అంటే తెలుగులో పేట, రాత్రివేళ బండ్లను, ఎద్దులను, సరుకును భద్రంగా ఉంచే ప్రహరీ గల ఆవరణ. ఆ ఖర్చుల కోసం సరుకుమీద వసూలు చేసుకున్న చిన్న మొత్తాన్ని మహమై అన్నారు. ఆ సొమ్ము కాలక్రమంలో గుడులకు, బడులకు పెట్టుబడి అయింది. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ హార్డ్‌గ్రేవ్ 1969లో ప్రచురించిన నాడార్ల చరిత్రలో ఈ పేటలు ఒక సమాజం ఎదుగుదలకు ఎలా పునాదులయ్యాయో వివరించారు. 1923లో విరుదునగర్ అన్న కొత్త పేరు పొందిన విరుదుపట్టి అలాంటి బండ్లపేటలతో పెరిగిన పట్టణమే.

ఎద్దుల బండి గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. ఎండను తప్పించుకోవడానికి రాత్రి, వేకువ ప్రయాణమే మేలు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో సాత్తూరు దాదాపు సగం దారిలో ఉంటుంది కాబట్టి, ఈ మూడు పట్టణాల మధ్య దూరం బండి నడక కొలతకు కుదిరింది. వర్తకుల బండ్ల వరుసలో దారి తెలిసిన పాతకాపు ముందు, కొత్తవారు మధ్యలో, బలమైన ఎద్దుల జత చివర ఉండడం, ఏ బండి ఆగినా అన్నీ ఆగడం ఆత్మరక్షణ నుంచి పుట్టిన నియమాలు. జాతరకు బయలుదేరే కుటుంబాల బండ్లకు కూడా అవే నియమాలు పనికివచ్చాయి.

1876 జనవరి 1న మధురై, తూత్తుకుడి మధ్య రైలుమార్గం ప్రారంభమయ్యాక సుదూర సరుకు రైలెక్కింది. అంతకుముందు 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం వల్ల పెరిగిన పత్తి గిరాకీ ఈ సీమలోనూ పండే తిరునెల్వేలి పత్తికి విదేశీ మార్కెట్లలో పేరు తెచ్చింది. రైలు రావడంతో బండి అంతరించిపోలేదు, దాని పని మరో తీరుగా పెరిగింది. పల్లె నుంచి స్టేషనుకు, జిన్నింగు మిల్లుకు పత్తి చేరాలంటే బండి తప్ప గతి లేదు. పత్తి ధర పలికిన ఏడాది కొన్న కొత్త ఎద్దుల జత, కొత్త పట్టా ఎక్కించిన చక్రాలు, ఆ వేసవిలోనే ఇంటివారిని కులదేవత గుడికి తీసుకెళ్లేవి. అలా ఒకే వాహనం సరుకుకూ చుట్టరికానికీ పనికివచ్చింది. పికప్‌లోనూ ఇదే జంటగుణం ఉంది.

కుటుంబం బయలుదేరిన వేళ

కులదేవత అంటే ఒక వంశపువారు తరతరాలుగా కొలిచే దేవత. వంశం ఎక్కడెక్కడికి చెదిరినా గుడి మాత్రం పూర్వీకులు మొదట నిలిచిన చోటే, తరచుగా పొలాల మధ్య, చెరువుగట్టుమీద, వాగుపక్కన ఉంటుంది. అక్కడికి తారురోడ్డు వేసేవారు ఉండరు. శివరాత్రినాడో పంగుని ఉత్తరంనాడో వేర్వేరు ఊళ్ల నుంచి అన్నదమ్ముల పిల్లలు బండ్లు కట్టుకుని వచ్చి, గుడిముందు బండ్లను వరుసగా దింపి, నొగలను నేలకు ఆనించి, బండి కిందే నీడ చేసుకుని, కొత్తకుండలో పొంగలి పెట్టి, రాత్రంతా మేలుకుని తెల్లవారి తిరిగి వెళ్లేవారు. గూడుబండిలో ఆడవారు, పసిపిల్లలు. మొట్టైవండిలో బియ్యం, వంటచెరకు, నీళ్లకుండలు, ఎద్దుల మేత, కొన్ని వంశాల్లో బలికి మేకపోతు. ఎవరి బండి ముందు, ఎవరి పొంగలి మొదట అన్నదాంట్లో వంశవృక్షమంతా ఇమిడి ఉండేది. పత్రాలు లేని కుటుంబాల్లో పిల్లలకు తాతల వరుస, మేనరికపు హద్దులు, ఇంటిపేర్లు తెలిసేది ఆ రాత్రే. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్లలో ఒక్కో ఇంటికి పరిమితమైన తెలుగు, ఆ రాత్రి గుడిచుట్టూ పది ఇరవై ఇళ్ల భాషగా విస్తరించేది.

ఇరుక్కన్‌కుడి జాతర దీనికంటే పెద్దది, వంశానికి కాక సీమకంతటికీ చెందినది. సాత్తూరుకు తూర్పున వైప్పారు, అర్జునా నది కలిసేచోట మారియమ్మ గుడి ఉంది. రెండు గంగల నడుమ ఊరు అన్న అర్థంలో ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఏడాదిలో ఎక్కువకాలం ఈ రెండు నదులూ ఇసుకపాయలే. ఆడి మాసంలో గుడికి చేరాలంటే బండి గట్టుదిగి ఇసుకలో నడవాలి. ఇసుకలో చక్రం రేగడిలోలాగా అంటుకోదు, దిగబడుతుంది. ఎద్దును మధ్యలో ఆపితే మళ్లీ కదలడం కష్టం కాబట్టి గట్టుమీదే ఎద్దులకు ఊపిరి తీసుకోనిచ్చి, జనాన్ని దింపి, ఆగకుండా అవతలి ఒడ్డుకు తోలడం అనుభవజ్ఞుల పద్ధతి. నేటి నాలుగు చక్రాల వాహనాన్ని ఇసుకలో నడిపేవారికి చెప్పే మొదటి సూత్రం కూడా వేగం కంటే ఆగని నడక ముఖ్యమన్నదే. కోవిల్‌పట్టికి పశ్చిమాన కళుగుమలై మరొక గమ్యం: 8వ శతాబ్దపు పాండ్యుల కాలంలో ఒకే శిలను తొలిచి మలచిన వెట్టువాన్ కోవిల్, కొండపై జైన శిల్పాలు, కింద మురుగన్ గుడి ఉన్న ఆ క్షేత్రానికి పంగుని ఉత్తరానికి కావడులతో నడిచేవారి వెనుక బండ్లు కదిలేవి. తిరుగుదారిలో సాత్తూరు కారసేవు, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి కొనడం యాత్రలో భాగమైంది. ఆ వేరుశనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇంజను వచ్చాక

బండిలో మొదటి మార్పు చక్రంలో వచ్చింది. 20వ శతాబ్దంలో ఇనుపపట్టా స్థానంలో గాలి నింపిన రబ్బరు చక్రాలు వచ్చి టైరుబండి ఏర్పడింది. వెడల్పైన టైరు మెత్తని నేలలో తక్కువ దిగబడుతుంది, తారురోడ్డును కోయదు, అదే ఎద్దుల జతతో ఎక్కువ బరువు లాగుతుంది. అయితే చక్రం చిన్నదై ఇరుసు నేలకు దగ్గరైంది, వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పట్టా పని ఊళ్లలో మూలపడింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి తయారైన జీపును 1947లో మహీంద్రా సంస్థ భారతదేశంలో బిగించడం మొదలుపెట్టింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఆ వాహనం దారి లేని నేలకు సరిపోయినా, చాలాకాలం ప్రభుత్వాధికారులకు, ఆస్తిపరులకే అందుబాటులో ఉండింది. పల్లె కుటుంబానికి నిజమైన మార్పు తెచ్చింది ట్రాక్టరు: దున్నే యంత్రానికి తొట్టి తగిలిస్తే అది నాలుగు బండ్ల జనాన్ని ఒకేసారి గుడికి చేర్చింది.

2005లో టాటా సంస్థ విడుదల చేసిన ఏస్ అనే చిన్న సరుకు వాహనానికి తమిళనాడులో కుట్టి యానై, అంటే పిల్ల ఏనుగు అన్న ముద్దుపేరు స్థిరపడింది. అది మోసే ముప్పావు టన్ను బరువు మంచి జోడెడ్ల బండి మోసే బరువుకు దగ్గరగా ఉండడం, ఇరుకైన డొంకలో పట్టేంత చిన్నదిగా ఉండడం దాని విజయానికి తోడ్పడిన గుణాలు. ఆ తరువాత నాలుగు చక్రాల చోదనం, రెండు వరుసలుగా కూర్చునే గది, వెనుక తొట్టి గల పెద్ద పికప్‌లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమై ఇలాంటి పికప్‌ను తయారుచేస్తోంది. అమెరికాలో 1948లో ఫోర్డ్ సంస్థ ఎఫ్ శ్రేణి ట్రక్కులతో విస్తరించిన పొలపు వాహనం కొన్ని దశాబ్దాల్లో కుటుంబ వాహనంగా, వినోదవాహనంగా మారిన క్రమం గుర్తుచేసుకుంటే, పొలం పని చేసే బండి పండుగనాడు కుటుంబాన్ని మోయడమన్నది ఒక్క కరిసల్ సీమకే ప్రత్యేకం కాదని అర్థమవుతుంది.

ఈ మార్పులో పోయినదాన్ని కూడా స్పష్టంగా చెప్పాలి. బండిలో ప్రమాదం నడక వేగంతో జరిగేది, ఎద్దు తడబడితే దిగి తప్పుకునే వ్యవధి ఉండేది. సరుకు వాహనపు తొట్టిలో గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే ముప్పైమందికి ఆ వ్యవధి లేదు. 1988 మోటారు వాహనాల చట్టం సరుకు వాహనాన్ని సరుకు రవాణాకే ఉద్దేశించినదిగా నిర్వచించింది. జాతర రోజుల్లో ఆ నియమాన్ని దాటిన చోటల్లా ప్రాణనష్టం పొంచి ఉంటుంది. దారి తెలిసినవారు ముందుండడం, మెత్తని నేల వస్తే జనం దిగడం, ఒకరు ఆగితే అందరూ ఆగడం అన్న పాత బండ్ల నియమాలు పెద్దల పిరికితనం వల్ల పుట్టినవి కావు. ఎన్నో తరాలు అదే బురదలో నేర్చుకున్న జ్ఞానం అది, కొత్త వాహనంతోపాటు దాన్నీ వారసత్వంగా తీసుకోవాలి. ఎద్దుకు మాత్రం మరొక జీవితం మిగిలింది. దక్షిణ జిల్లాల్లో రహదారులపై జరిగే ఎడ్లబండ్ల పందేలను, జల్లికట్టును 2014 మే 7న సుప్రీంకోర్టు నిషేధించగా, 2017 జనవరిలో తమిళనాడు శాసనసభ వాటిని అనుమతిస్తూ చట్టసవరణ చేసింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. పందెపు బండి తేలికైనది, ఒకరిద్దరిని మించి ఎక్కించుకోదు. కుటుంబాన్ని మోసిన బండి వేరు, ఈ బండి వేరు.

మాటల జాడ

వస్తువు పోయినా మాట కొంతకాలం నిలుస్తుంది. తెలుగులో ఇరుసును తమిళంలోనూ ఇరుసు అంటారు. చక్రపు మధ్యభాగం తెలుగులో కుండ, తమిళంలో కుడం. తెలుగు కడచీలను తమిళులు కడైయాణి అన్నారు, రెండింటికీ చివరిమేకు అన్నదే అర్థం. తెలుగు ఇంటివాడు, తమిళ వడ్రంగి, తెలుగు మాట్లాడే తోలుపనివాడు, తమిళ వర్తకుడు ఒకే బండి చుట్టూ నిలబడితే మాటలు ఒకదాని పక్కన ఒకటి బతికాయి. గాడిలో పడడం, గాడి తప్పడం అనే తెలుగు పలుకుబడులు చక్రాల ఒరిపిడికి నేలమీద ఏర్పడిన జాడ నుంచి పుట్టినవే. ఆ జాడను చూడని తరానికి అవి ఒట్టి పలుకుబడులుగా మిగులుతాయి, చూసినవారికి అవి దారి.

కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమలో తెలుగు కుటుంబాలకు లిపి, బడి, పత్రిక తెలుగులో లేవు. వాటి స్థానంలో భాషను మోసినవి పెళ్లి, పొలం, కులదేవత యాత్ర. బండితో ముడిపడిన నొగ, కాడి, ఆకు, కందెన, పట్టెడ అన్న మాటలు వాడిన చేతులు ముసలివయ్యాయి. పికప్ వెనుక తొట్టిలో కూర్చున్న మనవళ్లకు ఆ భాగాల పేర్లు అవసరం లేదు. కి. రాజనారాయణన్ కరిసల్ తమిళానికి మాండలిక నిఘంటువు కూర్చినట్టే, ఈ సీమ తెలుగుకూ బండిపని, తోలుపని, సేద్యం, యాత్ర మాటలను ఇంటింటా విని నమోదు చేసే పని జరగాలి. ఏ ఊరి బండ్లు ఏ డొంకలో, ఏ వాగు దాటి, ఏ గుడికి వెళ్లేవో పటంమీద గుర్తించాలి. వాహనం ఏదైనా, తారురోడ్డు ముగిసిన చోట నుంచి గుడిదాకా మిగిలే ఆ కొద్దిపాటి రేగడిదారిలో నేటికీ జనం దిగి నడుస్తారు, బలమున్నవారు వెనుక నుంచి తోస్తారు, పెద్దవారు ముందుండి దారి చూపుతారు. ఆ కొద్దిదూరంలో వినిపించే తెలుగును వినగలిగినంతకాలంలోనే దాన్ని రాసుకోవాలి.